పేరు చెప్పని కూర

కూర్చోమన్నారని కూర్చున్నాను గానీ సార్, ముందొక సంగతి తేల్చండి. మా సారా చేసిన తప్పేటి? నిజం చెప్పడమా, లేపోతే అది మైకులో చెప్పడమా?

కోప్పడకండి. నేను తగువుకి రాలేదు. సారా వాళ్ళమ్మని రమ్మనమని మీరు కబురు పెట్టేరు, గిన్నెలు అలాగే వదిలేసి వచ్చేను. దసరా సెలవుల్లో కూడా హెడ్‌మాస్టారు బడికొచ్చి కూర్చున్నారంటే ఎంత కంగారుగా ఉందో నాకు తెలీదా. టీ ఎందుకు సార్ ఇప్పుడు. సరే, అక్కడ పెట్టించండి.

పిల్ల బయట బెంచీ మీద ఉంది. ఆ కిటికీ వేసుకుంటారా? వేసుకోండి. మన మాటలు దాని చెవిన పడితే రేపు ఎక్కడ చెప్పేస్తుందో అని మీకు దడ. నాకూ అదే దడ అనుకోండి. కన్న కూతురికి భయపడే రోజులొచ్చేయి.

అసలు మిమ్మల్ని అనడానికి లేదు. మీరు రాజమండ్రి వైపు నించి బదిలీ మీద వచ్చిన కొత్తలో తల్లిదండ్రుల మీటింగు పెట్టేరు, గుర్తుందా? మార్కులదేముందమ్మా, నడవడి ముఖ్యం అన్నారు. పిల్లల గుణం బడిలోనే తయారవ్వాలి, ఇంట్లో మీరు, ఇక్కడ మేము, ఇద్దరం చెరో చెయ్యీ పట్టుకుని నడిపించాలి అన్నారు. మంచి తెలుగు సార్ మీది. మాకులాగ మధ్యమధ్యలో హిందీ ముక్కలు పడవు. వింటూ ఉంటే నా కళ్ళు చెమర్చేయి. సచ్చీ సార్.

ఎందుకంటారా? మా నాన్న శ్రీకాకుళం వైపు నించి చెట్లు కొట్టే పనికి ఓడెక్కి వచ్చినోడు. నేను ఈ దీవుల్లో, ఈ బాంబూఫ్లాట్‌లోనే పుట్టేను. మా ఆయన యేసురాజు ఫెర్రీలో లష్కరు, జెట్టీకి తాడు విసిరే పని. మాకు ఇక్కడ పొలాలున్నాయా, తోటలున్నాయా. కృపావతి కూతురు మంచి పిల్ల అని నలుగురూ అంటే, బస్, అదే మాకు ఇజ్జత్. ఆ మంచితనం బడిలోనే నేర్పుతానని ఒక పెద్దమనిషి సముద్రం దాటి వచ్చి చెప్తుంటే ఏడుపు రాదా మరి.

దాంతో మీ సోమవారాలు మొదలయ్యేయి. ప్రతి సోమవారం అసెంబ్లీలో ఒకరు నిలబడి, ఆ వారం తను చేసిన మంచి పని మైకులో చెప్పాలి. బాగా చెప్పినోళ్ళ జేబుకి మీరు పసుపు రిబ్బను పువ్వు గుచ్చుతారు. ఆ పువ్వు కోసం మా వీధి పిల్లలు పడ్డ పాట్లు మీకు తెలీవు. ఒకడు మొక్కకి రోజూ నీళ్ళు పోసేనన్నాడు. ఆ మొక్క ఎప్పుడో ఎండిపోయింది. మా పక్కింట్లో సూరయ్య తాత ఉన్నారు, చూపు ఆననాయన. ఆయన్ని చెయ్యి పట్టుకుని ఫెర్రీ ఎక్కించేమని ఎంతమంది చెప్పుకున్నారో. పాపం ఆయన అరుగు దిగడమే మానేసేడు. ఆ పిల్లలందరికీ పువ్వులిచ్చేరు మీరు. ఇవ్వాల్సిందే, అంత చక్కగా చెప్పేరు.

మా సారా మాత్రం ఏడుపు మొహంతో ఇంటికొచ్చింది. వచ్చే సోమవారం తన వంతట, చెప్పడానికి ఏమీ లేదట. అదేటే, తమ్ముణ్ణి ఎత్తుకుంటావు, నీళ్ళు మోస్తావు, సూరయ్య తాతకి గంజి ఇచ్చొస్తావు కదా అన్నాను. అది మంచి పనా అమ్మా, అది పనే కదా అంది. ఆరో క్లాసు పిల్ల సార్.

అప్పుడు నేనో సలహా ఇచ్చేను. ఇక్కడే మునిగిపోయేం సార్ మనందరం. ఆదివారం గుళ్ళో సాక్ష్యం చెప్తావు కదా, బడిలో కూడా అలాగే చెప్పు అన్నాను.

మీకు మా గుడి, అదే మా చర్చి, సంగతి తెలీదు. ఆరాధన మధ్యలో సాక్ష్యాలుంటాయి. ఎవరి మనసులో ఏది గుచ్చుకుంటే వాళ్ళు లేచి సంఘం ముందు చెప్పుకుంటారు. నేను ఫలానా తప్పు చేసేను, నా మనసు నన్ను పొడుస్తా ఉంది, నా కోసం మీరందరూ ప్రార్థన చెయ్యండి అని. చంటిపిల్లలప్పటి నించీ మా వాళ్ళకి అదే అలవాటు. మీరేమో మంచి పని చెప్పమన్నారు. మాకు పదిమంది ముందు నిలబడితే తప్పే నోట్లోంచి వస్తాది. నేను ఫలానా మంచి పని చేసేనని ఎవరైనా లేచేరనుకోండి, మా సంఘ పెద్ద సత్యవేదం గారు, నీకు గర్వం వచ్చింది, కూర్చోమంటారు.

రెండూ ఒకటే అనుకున్నాను సార్. అక్కడా గుణమే, ఇక్కడా గుణమే కదా అని.

అది వన్యప్రాణుల వారమని నాకేం తెల్సు. అడవి శాఖ రేంజర్ సాబ్‌ని మీరు ముఖ్య అతిథిగా పిలిచేరని నాకు తెల్సా? గోడ నిండా పిల్లలు హిరన్ బొమ్మలు, అదే మీరు జింకలంటారు, వేసి అంటించేరట. ఒంటి మీద చుక్కలు కూడా ఒక్కటీ వదలకుండా పెట్టేరట. హిరన్ ఎంత అమాయకమైన ప్రాణో, దాన్ని చంపినా తిన్నా జైలేనని ఆయన హిందీలో చెప్పి కూర్చున్నారట. వెంటనే మా సారా వంతు.

నేను అక్కడ లేను గానీ, వీధిలో ప్రతీవాళ్ళూ వచ్చి చెప్పి చెప్పి నాకు కంఠతా వచ్చేసింది. ముందు, అందరికీ వందనాలు అందట. మీరు తలూపేరట. మ్యాపు నాకు రాక పక్క పిల్లది చూసి గీసేను, అది తప్పు అందట. మీరు శభాష్ అన్నారట. ఇదిగో, ఇలాంటి నిజాయితీ కోసమే నేను కష్టపడుతున్నానని రేంజర్ సాబ్ చెవిలో కూడా వేసేరట. అక్కడితో ఆపి పువ్వు గుచ్చేసుంటే పోయేది సార్.

"మొన్న ఒక ఆదివారం మా ఇంట్లో హిరన్ కూర తిన్నాం. నేనూ తిన్నాను. మా హెడ్‌మాస్టారు గారు మూలగ ఎముక రెండోసారి వేయించుకున్నారు. నా కోసం, మా అమ్మానాన్నల కోసం, మా హెడ్‌మాస్టారు గారి కోసం అందరూ ప్రార్థన చెయ్యండి."

సగం మంది పిల్లలు మా గుడోళ్ళే కదా. అలవాటు చొప్పున ఆమెన్ అన్నారట, గట్టిగా.

నవ్వలేదు సార్ నేను. దగ్గొచ్చింది.

రేంజర్ సాబ్‌కి తెలుగు రాదు. మనల్ని కాపాడాల్సింది అదొక్కటే. కానీ ఆయన ఊరుకోకుండా, ఈ బచ్చీ ఏమంది, పిల్లలంతా ఆమెన్ ఎందుకన్నారు అని అడిగేరట. మీరు గొంతు సవరించుకునే లోపల అదే చక్కగా హిందీలో మళ్ళీ మొదట్నించీ చెప్పింది. పెద్దలు అడిగితే జవాబు చెప్పాలని మీరే నేర్పేరు. మా పిల్లలకి తెలుగు కన్నా హిందీయే సాఫ్‌గా వస్తాది. మూలగ సంగతి కూడా వదల్లేదట.

ఇప్పుడు మీరేటంటారు? పిల్ల ఏదో ఊహించుకుంది, మటన్ తిని హిరన్ అనుకుంది. సోమవారం బడి తెరవగానే అసెంబ్లీలో నిలబడి, నేను ఆ రోజు అబద్ధం చెప్పేను, అది మటనే అని చెప్పాలి. చెప్తే మీరు పెద్ద మనసుతో క్షమించి, తప్పు ఒప్పుకున్నందుకు పసుపు పువ్వు గుచ్చుతారు. చెప్పకపోతే టీసీ ఇచ్చి పంపేస్తారు, దాన్లో నడవడి బాగులేదని రాస్తారు. ఆ సాయంత్రమే ఫెర్రీలో మా ఆయనతో అన్నారు, ఇందాక నాతోనూ అన్నారు. మళ్ళీ చెప్పకండి సార్. వినడానికి నాకే ఏదోలా ఉంది.

ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ కూర కావాలన్నది ఎవరు? మీరు రోజూ గోల్ ఘర్ నించి వచ్చి ఫెర్రీ ఎక్కుతారు. ఎక్కినప్పుడల్లా మా ఆయన పక్కన నిలబడి, ఏం యేసురాజూ, ఇక్కడ హిరన్ మాంసం బాగుంటుందట కదా, మా వైపు అలాంటివి ఎక్కడ దొరుకుతాయయ్యా అనేవారు. ఒకసారి అంటే మాటవరసకి అనుకోవచ్చు. వారం వారం అంటుంటే? పెద్ద మాస్టారు నోరు తెరిచి అడుగుతున్నారు, మనం పెట్టలేకపోతే ఎలాగని మా ఆయన అన్నం ముందు కూర్చుని మథనపడిపోయేడు. ఆయన ఎవర్ని అడిగేడో, ఎవరు ఉచ్చు వేసేరో నేను అడగలేదు. మీరూ అడక్కండి.

మేం తినమని కాదు. దొరలెవరో వేటాడుకోడానికి తెచ్చి ఈ దీవుల్లో వదిలేరట వాటిని. దొరలు వెళ్ళిపోయేరు, అవి ఉండిపోయేయి. మా పెరట్లో అరటి పిలకలు, కూరమళ్ళు మేసి పోతాయి. మేం చూస్తా ఉండాలి. ఎప్పుడైనా ఒకటి పడితే వీధిలో తలో కాస్తా పంచుకుంటాం. అయితే దానికో పద్ధతుంది. పేరు చెప్పం. వండినోళ్ళు చెప్పరు, తిన్నోళ్ళు అడగరు. మటన్ అని పెడితే, మటన్ బాగా కుదిరిందని తినాలి. అందరికీ తెల్సు, ఎవరూ అనరు.

ఆ పద్ధతి మీరెంత బాగా పట్టేసుకున్నారు. కంచం ముందు కూర్చుని, ఇదేం కూరమ్మా అన్నారు. మటన్ సార్ అన్నాను. మటనే, మటనే అని నవ్వి కంచం నా వైపు జరిపేరు. పక్కనే మంచినీళ్ళ చెంబు పట్టుకుని సారా నిలబడి ఉంది. ఓసారి మీ మొహం చూసింది, ఓసారి నా మొహం చూసింది. పొద్దున్న ఆ చుక్కల తోలు మా ఆయన పెరట్లో పాతిపెడుతుంటే చూసిన పిల్ల అది.

ఆ రోజు పాఠం అదే సార్. సగం మీరు చెప్పేరు, సగం నేను చెప్పేను. చెరో చెయ్యీ పట్టుకుని నడిపించాలన్నారు కదా. అలాగే నడిపించేం.

అయినా మీ మీద కోపం తెచ్చుకుందామంటే రాటం లేదు. రేంజర్ సాబ్ మర్నాడే జెట్టీకొచ్చి మా ఆయన్ని పక్కకి పిలిచేరు. మంచాయనే. చూడు భయ్యా, అందరి ముందూ విన్నాను, చుప్‌చాప్ ఊరుకుంటే నా ఉద్యోగానికి మాటొస్తాది, పిల్ల తనే నిలబడి అబద్ధమని చెప్పేస్తే నేనూ మర్చిపోతాను, లేపోతే కేసు రాయాలి అన్నారు. కేసంటే మా ఆయన ఉద్యోగం పోయినట్టే. గవర్నమెంటు పని సార్ అది. ఆ తాడు విసరడం తప్ప ఆయనకి ఇంకోటి రాదు. మీకేమో పరువు, మాకేమో తిండి. ఇద్దరికీ ఒకే అబద్ధం కావాలి. అది చెప్పాల్సింది మాత్రం ఆ పిల్ల.

అందుకే ఈ సెలవులన్నీ నేర్పిస్తూనే ఉన్నాను. మిగతా పిల్లలు ఎక్కాలు మర్చిపోతున్నారు, మా పిల్ల అబద్ధం వల్లె వేస్తా ఉంది. నిలబడు, తల ఎత్తు, నేను ఆ రోజు అబద్ధం చెప్పేను అను అంటాను. అంటాది. అది మటన్ కూర అను అంటాను. అక్కడ ఆగిపోతాది. మటన్‌కి చుక్కల తోలుంటాదా అమ్మా అని అడుగుతాది. వెటకారం కాదు సార్. పాపం, నిజంగా ఒప్పుకోవాలని చూస్తా ఉంది.

నా వల్ల కాక వాళ్ళ నాన్నని కూర్చోబెట్టేను. బోటు కదిలే సూచన లేకపోయినా, ఇదిగో వదిలేస్తున్నాం, పరిగెత్తండి అని జనాన్ని తరిమే మనిషి. ఈ ఒక్క ముక్క నేర్పలేడా అనుకున్నాను. ఆ కూర తల్లీ, ఆ కూర అన్నాడు. దాని కళ్ళలోకి చూసేడు. చేతులు కడుక్కొస్తానని లేచిపోయి, ఇంక రాలేదు.

నిన్న అడిగింది. ఆ పువ్వు నాకెందుకిస్తారమ్మా అంది. తప్పు ఒప్పుకున్నందుకు అన్నాను. "ఏ తప్పు?" అంది.

ఉడికిపోయిన అన్నాన్ని మళ్ళీ కలుపుతా నిలబడ్డాను సార్. నాకు సిగ్గేసింది. నా కడుపున పుట్టిన పిల్ల ముందు నిలబడ్డానికి నాకు సిగ్గేసింది. దాన్ని మంచిదాన్ని చెయ్యమని మీకు అప్పగించేను. అది మంచిదైపోయింది. ఇప్పుడేం చెయ్యాలో మీకూ తెలీదు, నాకూ తెలీదు.

ఏటన్నారు? ఎక్కడ ఏది మాట్లాడాలో తెలియడం కూడా సంస్కారమేనా? అవునేమో సార్, మీరు చదువుకున్నారు. మరి ఆ ముక్క ఏ పీరియడ్‌లో చెప్తారు? గేటు పక్క గోడ మీద నీలం రంగుతో ఎప్పుడూ నిజమే మాట్లాడండి అని అంత పెద్ద అక్షరాలతో రాయించేరు. కింద చిన్న అక్షరాలతోనైనా, హెడ్‌మాస్టారిని అడిగి మాట్లాడండి అని రాయించాల్సింది. చదవడం నేర్పింది కూడా మీరే. చదివేస్తారు పిల్లలు.

ఉండండి, లేవకండి. అసలు కబురు ఇంకా చెప్పలేదు. ఒప్పుకుంది సార్. ఈ పొద్దున్నే ఒప్పుకుంది. సోమవారం మీరు చెప్పమన్నట్టే చెప్తాది.

చూసేరా, మొహంలో ఎంత తేడా వచ్చిందో. టీ తాగండి. కావాలంటే ఇంకోటి తెప్పించుకోండి.

ఒక్క షరతు పెట్టింది. "నాన్న కోసం, మాస్టారి కోసం అబద్ధం చెప్తాను. కానీ ఆ తర్వాతొచ్చే ఆదివారం గుళ్ళో సాక్ష్యంలో చెప్పేసుకుంటానమ్మా. చెప్పుకోకపోతే నేనుండలేను" అంది.

అవును సార్, అంతా చెప్పుకుంటాది. సోమవారం అబద్ధం చెప్పేనని, ఎవరి కోసం చెప్పేనో, అసలు ఆ కూర ఏటో. సాక్ష్యమంటే సగంలో ఆపరు మా వాళ్ళు.

అదీ మామూలు ఆదివారమైతే నేను మీకు చెప్పకపోదును. ఆ ఆదివారం మా కోత పండుగ. గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, కోళ్ళు, ఎవరికి పండినవి వాళ్ళు తెచ్చి గుడికిస్తారు, సాయంత్రం వాటిని వేలం పాడతారు. హోప్ టౌన్ నించి, గోల్ ఘర్ నించి మన తెలుగోళ్ళందరూ వస్తారు. గుళ్ళో చోటు చాలదని బయట మైకు గొట్టం కడతారు. అది జెట్టీ వైపే తిరిగి ఉంటాది. ఇంక ఈ ఏడాది ముఖ్య అతిథి ఎవరో నేను చెప్పాలా? సత్యవేదం గారు మీ ఇంటికే వచ్చి పిలిచేరట కదా, పిల్లల నడవడి కోసం ఇంత పాటుపడే హెడ్‌మాస్టారు మాకు ఎప్పుడూ రాలేదని. మీరు సరేనన్నారట. కార్డుల్లో మీ పేరు పడిపోయింది. ముందు వరసలో కుర్చీ, మెడలో దండ. సాక్ష్యాలు అయ్యేక మీ ఉపన్యాసం.

నేను వద్దనాలి కదా సార్. తల్లిని. వద్దే అని ఒక్క మాటంటే మానేస్తాది, నా మాట జవదాటదు. ఆ కబురు మళ్ళీ రేంజర్ సాబ్ దాకా వెళ్తే మా ఇంట్లో పొయ్యి ఏమవుద్దో నాకు తెలీదా. పొద్దుట్నించీ అందామనే చూస్తున్నాను. మా ఆయన్ని అనమన్నాను. ఆయన తాడు చుట్టుకుంటా, చెప్పనీ కృపా, నిజం చెప్పుకోడానికి దానికి ఒక్క చోటైనా ఉండనీ అన్నాడు. ఉద్యోగం పోయేది ఆయనది, ఆయనే అలాగన్నాడు.

నన్నడిగితే, నోరు రాటం లేదని చెప్పొచ్చు. అదీ అబద్ధమే. దాన్ని వద్దనాలని నాకు లేదు సార్. భయంగానే ఉంది, అయినా లేదు.

ఇంక వెళ్తాను. పిల్ల ఎంతసేపట్నించో బెంచీ మీద ఉంది. మీరేం కంగారు పడకండి, సోమవారం మీ పని మీకైపోతాది. పువ్వు రెడీగా ఉంచుకోండి, గుచ్చేటప్పుడు చూసుకుని గుచ్చండి, దానికి ఉన్నవి రెండే యూనిఫారాలు.

కోత పండుగ రోజు మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. రానంటే బాగుండదు సార్, అంతా విన్నాక మీరు అన్నం కూడా తినకుండా వెళ్ళిపోయేరంటే నలుగురూ మరోలా అనుకుంటారు. కోడి కూర వండుతాను. మూలగ ఉండదు, ఏమీ అనుకోకండి. మంచినీళ్ళ చెంబుతో సారా మీ పక్కనే నిలబడుతుంది. ఈసారి మాత్రం పేరు చెప్పి వడ్డిస్తాను.